ఎనిమిది రాళ్ల పొయ్యి: ఈ పాఠానికి టీచర్ మీరే

(5 నుంచి 8 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు)



పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు చూశాక చాలామంది నాతో రెండు మాటలు అంటారు. మొదటిది: "మేడమ్, వాడు ఫోన్‌లో ఆ డబ్బాల ఆట వదలడం లేదు." రెండోది కొంచెం గొంతు తగ్గించి అంటారు: "మేం తెలుగు మీడియంలో చదువుకున్నాం. ఈ ఇంగ్లీష్ మీడియం మ్యాథ్స్, సైన్స్ మేమేం చెప్పగలం?"

ఆ రెండు మాటలకూ కలిపి ఈ నెల ఒకటే పాఠం ఇస్తున్నాను. పాఠం పేరు పొయ్యి. ఆ డబ్బాల ఆటలో, అంటే మైన్‌క్రాఫ్ట్‌లో, పిల్లలు రాళ్లతో ఒక పొయ్యి కడతారు. దాన్ని కట్టడం మీ పిల్లలకు వచ్చు. పొయ్యి అంటే ఏమిటో, వంటచెరుకు విలువ ఏమిటో మీకు తెలుసు. ఈ రెండూ ఒకచోట కూర్చుంటే ఒక మంచి క్లాసు నడుస్తుంది.

ఆటకు ఇంకా ఎక్కువ టైమ్ ఇవ్వమని నేను అడగడం లేదు. మీరు ఇప్పటికే ఇస్తున్న సమయంలోనే ఒక ఇరవై నిమిషాలు పక్కన కూర్చోండి, చాలు. ఆట ఇంట్లో లేకపోతే దీనికోసం కొనొద్దు. గళ్ల నోట్‌బుక్, కొన్ని చింతగింజలు ఉంటే పాఠమంతా కాగితం మీదే చేయొచ్చు.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు

మైన్‌క్రాఫ్ట్‌ను స్వీడన్‌లోని మొజాంగ్ అనే సంస్థ తయారుచేసింది. పూర్తిస్థాయి మొదటి వెర్షన్ 2011 నవంబరులో వచ్చింది. 2014లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఆటలో ప్రపంచమంతా చదరపు దిమ్మెలతో ఉంటుంది. పిల్లలు వాటిని బ్లాకులు అంటారు. చెట్టు, మట్టి, రాయి, ఇసుక అన్నీ బ్లాకులే. తవ్వితే చేతికి వస్తాయి, పెడితే గోడ అవుతుంది.

ఇందులో సర్వైవల్ అనే పద్ధతి ఉంది. ఆటగాడు చేతిలో ఏమీ లేకుండా మొదలవుతాడు. ఆకలి వేస్తుంది, చీకటి పడితే రాక్షసులు వస్తాయి. ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపితే మన గడియారంలో 20 నిమిషాలు. ఈ కాస్త సమయంలో కట్టెలు, రాళ్లు, తిండి సమకూర్చుకోవాలి. అందుకే పొయ్యి అక్కడ అలంకారం కాదు, అవసరం. ఉదాహరణకు ఆటలో పచ్చి బంగాళాదుంప తింటే ఆకలి 1 పాయింటే తీరుతుంది. అదే కాల్చి తింటే 5 పాయింట్లు తీరుతుంది.

పొయ్యి కట్టడం

మీ అబ్బాయినో అమ్మాయినో ఒక కొత్త ప్రపంచం తెరిచి మొదటినుంచి చేసి చూపించమనండి. వరుస ఇలా ఉంటుంది.

మొదట చెట్టును చేత్తోనే కొట్టి దుంగలు తెచ్చుకోవాలి. ఒక దుంగ నుంచి 4 పలకలు వస్తాయి. 4 పలకలతో క్రాఫ్టింగ్ టేబుల్ అవుతుంది. అంటే పనిబల్ల. దాని మీద అడ్డం 3, నిలువు 3, మొత్తం 9 గడులు ఉంటాయి. ఏ వస్తువు చేయాలన్నా ముడిసరుకును ఆ గడుల్లో ఒక క్రమంలో పేర్చాలి.

తర్వాత రాయి తవ్వడానికి పికాక్స్ కావాలి. మన గైంతి లాంటిది. దానికి 3 పలకలు, 2 పుల్లలు పడతాయి. 2 పలకల నుంచి 4 పుల్లలు వస్తాయి. పికాక్స్ లేకుండా చేత్తో రాయిని కొడితే అది విరుగుతుంది కానీ చేతికి ఏమీ రాదు.

ఇక్కడ మొదటి ప్రశ్న అడగండి: "ఇంతవరకు మొత్తం ఎన్ని దుంగలు కావాలి?" బల్లకు 4, పుల్లలకు 2, పికాక్స్‌కు 3, మొత్తం 9 పలకలు. దుంగకు 4 చొప్పున 3 దుంగలు కొట్టాలి. 3 పలకలు, 2 పుల్లలు మిగులుతాయి. చాలామంది పిల్లలు లెక్క వేసుకోకుండా పది, పదిహేను దుంగలు కొట్టేస్తారు. తప్పేం లేదు. కానీ సరుకుల చీటీ రాసుకుని కొట్టుకు వెళ్లడానికీ, రాసుకోకుండా వెళ్లడానికీ తేడా మీరు వివరించగలరు.

ఇప్పుడు పికాక్స్‌తో రాయి తవ్వితే కాబుల్‌స్టోన్ అనే రాళ్లు వస్తాయి. వాటిలో 8 తీసుకుని, 9 గడుల్లో మధ్య గడి ఖాళీగా వదిలి చుట్టూ పేర్చాలి. ఫర్నేస్ తయారవుతుంది. ఫోన్‌లో ఆడేవాళ్లు ఫర్నేస్ బొమ్మ మీద నొక్కితే చాలు, అదే తయారైపోతుంది. అయినా ఆ అమరికను కాగితం మీద గీసి చూపించమనండి. మధ్యలో ఖాళీ ఎందుకు ఉందో అడగండి. మూడు రాళ్ల పొయ్యి చూసిన మీకు జవాబు తెలుసు. మంటకు చోటు కావాలి.

రెండు గడులు, ఒక మంట

ఫర్నేస్ తెరిస్తే ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు గడులు కనిపిస్తాయి. పై గడిలో కాల్చాల్సిన వస్తువు, కింది గడిలో వంటచెరుకు. కాలిన వస్తువు కుడివైపు గడిలోకి వస్తుంది. ఏ వస్తువైనా ఒక్కొక్కటి కాలడానికి 10 సెకన్లు.

ఏ వంటచెరుకుతో ఎన్ని వస్తువులు కాలతాయో ఆటలో కచ్చితమైన లెక్క ఉంది:

- ఒక పుల్ల: అర వస్తువు
- ఒక పలక: ఒకటిన్నర
- ఒక దుంగ: ఒకటిన్నర
- ఒక నేలబొగ్గు లేదా కట్టెబొగ్గు: 8
- ఒక బొగ్గు దిమ్మె (9 నేలబొగ్గులు కలిపి చేసేది): 80
- ఒక బకెట్ లావా: 100

ఈ పట్టికలో దుంగ, పలక రెండింటికీ ఒకటే విలువ ఉంది చూడండి. పిల్లలు దీన్ని చదివేసి దాటిపోతారు. మీరు అక్కడ ఆపండి. దుంగను దుంగగానే పొయ్యిలో పెడితే ఒకటిన్నర వస్తువే కాలుతుంది. అదే దుంగను 4 పలకలు చేసి పెడితే 6 వస్తువులు కాలతాయి. సరుకు అదే, వాడే తీరు మారింది, ఫలితం నాలుగు రెట్లయింది.

ఇంకో దారి కూడా ఉంది. దుంగను కింది గడిలో కాక పై గడిలో పెట్టి కాలిస్తే అది కట్టెబొగ్గు అవుతుంది. ఆ కట్టెబొగ్గు 8 వస్తువులను కాలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. "నీ దగ్గర 10 దుంగలు ఉన్నాయి, నేలబొగ్గు అసలు లేదు. ఎక్కువ వస్తువులు కాల్చాలంటే ఏం చేస్తావు?" జవాబు వెంటనే చెప్పకండి. కాగితం ఇచ్చి కాసేపు వదిలేయండి.

అన్నీ దుంగలుగానే కాలిస్తే 15 వస్తువులు. అన్నీ పలకలు చేస్తే 40 పలకలు, 60 వస్తువులు. మూడో పద్ధతిలో 2 దుంగలను 8 పలకలు చేయాలి. అందులో 6 పలకలు మండించి మిగతా 8 దుంగలను కట్టెబొగ్గు చేయాలి. 8 కట్టెబొగ్గులతో 64, మిగిలిన 2 పలకలతో 3, మొత్తం 67. 15, 60, 67. క్లాసులో మేం చెప్పే యూనిటరీ మెథడ్, భిన్నాలు రెండూ ఇందులోనే ఉన్నాయి. వర్క్‌బుక్‌లో "ఒక యంత్రం గంటకు ఇన్ని వస్తువులు" అని చదివినప్పుడు పట్టని పిల్లలు ఇక్కడ వాదించడానికి కూడా సిద్ధపడతారు. తమ దుంగలు కదా!

సైన్స్ కూడా పక్కనే ఉంది. ఒకే దుంగ కింది గడిలో మండి మాయమవుతుంది, పై గడిలో బొగ్గుగా మిగులుతుంది. ఎందుకు? ఆట ఆ కారణం చెప్పదు. మీరు చెప్పగలరు. గాలి బాగా తగిలితే కట్టె బూడిద అవుతుంది. గాలి అందకుండా మట్టి కప్పి కాలిస్తే అందులోని తేమ, పొగ బయటికి పోయి బొగ్గు మిగులుతుంది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసేవాళ్లను చూసిన ఇంట్లో ఈ పాఠం రెండు నిమిషాల పని.

ఆరిపోని పొయ్యి

ఆటలో ఒక నియమం పిల్లల చేత బాగా ఖర్చు పెట్టిస్తుంది. ఒకసారి అంటుకున్న వంటచెరుకు పై గడి ఖాళీ అయినా చివరిదాకా మండుతూనే ఉంటుంది. ఆపడానికి వీల్లేదు. బకెట్ లావా పోసి 5 బంగాళాదుంపలు కాల్చుకుంటే 95 వస్తువుల మంట వృథా.

గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీని క్యాలెండర్ మీద రాసుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. 14.2 కిలోల సిలిండర్ ఎన్నాళ్లు వచ్చిందో, ఈసారి ఎందుకు త్వరగా అయిపోయిందో అమ్మకు తెలుసు. కుక్కర్ దించి పాలు పెట్టడం, సిమ్‌లో పెట్టడం, పప్పు ముందే నానబెట్టడం అన్నీ ఈ లెక్కలోవే. ఆ క్యాలెండర్ పేజీలు పిల్లలకు చూపించండి. ఆటలో బొగ్గు లెక్క, వంటింట్లో గ్యాస్ లెక్క ఒకటేనని వాళ్లంతట వాళ్లే చెబుతారు.

ఇటుక పొయ్యి ప్రాజెక్టు

ఇప్పుడు ఒక చిన్న నిర్మాణం. ఫర్నేస్ చుట్టూ ఇటుకలతో గూడు, దాని మీద పొగగొట్టం కట్టాలి. ఇది లేకపోయినా ఫర్నేస్ పనిచేస్తుంది. గూడు అందానికి, లెక్క మనకు.

ముందు బొమ్మ గీయించండి. మధ్యలో ఫర్నేస్, చుట్టూ 8 ఇటుక బ్లాకులు. పైన పొగగొట్టానికి 4. మొత్తం 12 బ్లాకులు.

తర్వాత వెనక్కి లెక్కపెట్టాలి. ఒక ఇటుక బ్లాకుకు 4 ఇటుకలు కావాలి. 12 బ్లాకులకు 48 ఇటుకలు. ఒక ఇటుకకు ఒక బంకమట్టి ముద్ద కావాలి. నదులు, చెరువుల అడుగున దొరికే బంకమట్టి బ్లాకు ఒకటి తవ్వితే 4 ముద్దలు వస్తాయి. కాబట్టి 12 మట్టి బ్లాకులు తవ్వాలి. 48 ముద్దలు కాలాలంటే 480 సెకన్లు, అంటే 8 నిమిషాలు. బొగ్గులు 6.

ఎనిమిది నిమిషాలు ఊరికే నిలబడటం పిల్లలకు కష్టం. "ఇంకో ఫర్నేస్ పెడతా" అంటారు. పెట్టనివ్వండి, కానీ ముందు ఎన్ని పెడితే మంచిదో లెక్క చెప్పమనండి.

- ఒక ఫర్నేస్: 8 నిమిషాలు, 6 బొగ్గులు, ఫర్నేస్‌కు 8 రాళ్లు.
- మూడు ఫర్నేసులు: ఒక్కోదానిలో 16 ముద్దలు. 2 నిమిషాల 40 సెకన్లు, 6 బొగ్గులు, 24 రాళ్లు.
- నాలుగు ఫర్నేసులు: ఒక్కోదానిలో 12 ముద్దలు. 2 నిమిషాలు, కానీ 8 బొగ్గులు, 32 రాళ్లు.
- ఆరు ఫర్నేసులు: ఒక్కోదానిలో 8 ముద్దలు. 1 నిమిషం 20 సెకన్లు, మళ్లీ 6 బొగ్గులే, 48 రాళ్లు.

నాలుగు పెడితే బొగ్గు ఎందుకు పెరిగింది? 12 ముద్దలకు ఒకటిన్నర బొగ్గు కావాలి. అర బొగ్గు వేయడం కుదరదు. రెండు వేస్తే రెండోది సగం వృథాగా మండుతుంది. మూడు, ఆరు పెట్టినప్పుడు ఒక్కోదానిలో పడే ముద్దలు 16, 8. రెండూ ఎనిమిది గుణిజాలు. "గుణిజాలు ఎందుకు నేర్చుకోవాలి?" అని నన్ను క్లాసులో అడిగే పిల్లలున్నారు. ఇది వాళ్లకు నా జవాబు.

నాలుగు ఫర్నేసుల దారిలో ఆ మిగిలిన మంటను ఏం చేయొచ్చో కూడా అడగండి. తెలివైన జవాబు ఒకటుంది. ఇటుకలు తీసేసి, వెంటనే ఒక్కోదానిలో 4 బంగాళాదుంపలు వేస్తే 16 దుంపలు ఉచితంగా కాలతాయి. దీన్ని మన అమ్మమ్మలు, నానమ్మలు ఏ ఆట ఆడకుండానే చేశారు. వంట అయ్యాక ఆరిపోయే నిప్పుల్లో చిలగడదుంప పెట్టేవాళ్లు. మీ వైపు కందగడ్డ అంటారేమో. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సందర్భంలో వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. ఆ పొయ్యి కబుర్లు పిల్లలకు పుస్తకంలో దొరకవు.

ఆట ఎక్కడ నిజం చెప్పడం లేదు?

ఈ భాగం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఆటలో బంగాళాదుంప కాలడానికీ, ఇటుక కాలడానికీ, ఇనుము కరగడానికీ ఒకటే పొయ్యి, ఒకటే 10 సెకన్లు. నిజంగా అలా ఉంటుందా? పిల్లలను అనుమానించమనండి.

దుంప కాలడానికి సుమారు 200 డిగ్రీల వేడి చాలు. ఇటుక గట్టిపడాలంటే దాదాపు 900 నుంచి 1000 డిగ్రీలు కావాలి. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. దుంప కాల్చే పొయ్యిలో ఇనుము ఏనాటికీ కరగదు.

సమయం కూడా అంతే. ఊరి బయట ఇటుక బట్టీ చూసినవాళ్లకు తెలుసు. తడి ఇటుకను నేరుగా మంటలో పెట్టరు. ముందు రోజుల తరబడి ఆరబెడతారు. లోపల నీళ్లుంటే అవి ఆవిరై ఇటుకను పగలగొడతాయి. తర్వాత బట్టీలో పేర్చి బొగ్గు, ఊక లాంటివాటితో నెమ్మదిగా వేడి పెంచుతారు, నెమ్మదిగానే చల్లారనిస్తారు. మంటలో మట్టి స్వభావమే మారిపోతుంది. ఆరిన మట్టి ముద్దను నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. కాలిన ఇటుక కరగదు. ఎండలో ఆరడం భౌతిక మార్పు, బట్టీలో కాలడం రసాయన మార్పు. ఈ రెండింటి తేడా పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్నే. ఒక మట్టి ముద్దనూ, ఒక పాత ఇటుక ముక్కనూ రెండు గ్లాసుల నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే పిల్లలు ఆ జవాబును కంఠస్థం చేయాల్సిన పని ఉండదు.

ఇనుము సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆటలో బొగ్గు వేడి మాత్రమే ఇస్తుంది. నిజమైన కొలిమిలో బొగ్గుకు రెండు పనులు. ఒకటి వేడి ఇవ్వడం. రెండోది ఖనిజంలో ఇనుముతో కలిసి ఉన్న ఆక్సిజన్‌ను లాగేయడం. ఖనిజాన్ని ఎంత వేడిచేసినా ఆ రెండో పని జరగకపోతే ఇనుము రాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు పెద్ద బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటిలో బొగ్గు నుంచి తయారైన కోక్‌తో పాటు సున్నపురాయి కూడా వేస్తారు. మలినాలు సున్నంతో కలిసి చిట్టెంగా విడిపోతాయి. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మట్టి మూసల్లో ఇనుమును కట్టెబొగ్గు మంట మీద కాచి మేలైన ఉక్కు తీసేవారు. దానికోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. పదో తరగతిలో ఈ పిల్లలకు లోహ సంగ్రహణం పాఠం వస్తుంది. ప్రగలనం అనే మాట అప్పుడు కొత్తగా అనిపించకూడదంటే ఇప్పుడే ఈ కబురు చెప్పండి.

ఆటలో కూడా ముందుకు వెళ్లేకొద్దీ పొయ్యిలు వేరవుతాయి. 2019లో వచ్చిన మార్పుల్లో వంటకు స్మోకర్, లోహానికి బ్లాస్ట్ ఫర్నేస్ చేర్చారు. ఒక ఫర్నేస్ చుట్టూ 4 దుంగలు పెడితే స్మోకర్ అవుతుంది. ఒక ఫర్నేస్, 5 ఇనుప కడ్డీలు, 3 నునుపు రాళ్లు కలిపితే బ్లాస్ట్ ఫర్నేస్ అవుతుంది. రెండూ 10 సెకన్ల పనిని 5 సెకన్లలో చేస్తాయి. బొగ్గు కూడా రెట్టింపు వేగంతో అయిపోతుంది కాబట్టి, ఒక బొగ్గుకు 8 వస్తువులు అనే లెక్క మారదు.

మన భాష ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. అన్నం వండేది పొయ్యి. ఇటుకలు కాల్చేది బట్టీ. కుమ్మరి కుండలు కాల్చేది ఆవం. కమ్మరి ఇనుము కాచేది కొలిమి. చలికి పక్కన పెట్టుకునేది కుంపటి. ఆటలో ఫర్నేస్ అనే ఒక్క మాటకు ఇన్ని తెలుగు మాటలున్నాయి. "నీ ఫర్నేస్‌లో ఇప్పుడు కాలుతున్నదాన్ని బట్టి దాన్ని ఏమనాలి?" అని అడగండి. మాట సరిగ్గా ఎంచుకోవాలంటే ఏ వస్తువుకు ఎలాంటి వేడి కావాలో ఆలోచించాలి.

పక్కన ఎలా కూర్చోవాలి?

కొన్ని సూచనలు.

మొదటిది, చెప్పించుకోండి. "ఇదేంటి? ఇదెందుకు పెట్టావు? ఇది పెట్టకపోతే ఏమవుతుంది?" అని అడగండి. వాళ్లు టీచర్, మీరు స్టూడెంట్. ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి.

రెండోది, తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీష్ మీడియం టీచర్‌నై ఈ మాట అంటున్నానని ఆశ్చర్యపోకండి. ఇంగ్లీష్‌లో డెఫినిషన్ అప్పజెప్పడం పిల్లలకు బాగా అలవాటైంది. అందులో ఎంత అర్థమైందో మాకూ ఒక్కోసారి తెలియదు. అదే విషయాన్ని నానమ్మకు తెలుగులో చెప్పాలంటే అప్పజెప్పడం కుదరదు, అర్థమై ఉండాలి. మీరు ఇంట్లో ఈ పని చేస్తే నాకు స్కూల్లో సగం పని తగ్గుతుంది. దీనికి మీకు ఇంగ్లీష్ రానవసరం లేదు.

మూడోది, దీన్ని పరీక్షగా మార్చకండి. తప్పు లెక్క వేసి బొగ్గు వృథా చేస్తే చేయనివ్వండి. ఆటలో బొగ్గు పోతే నష్టం లేదు. "ఏడో క్లాసుకొచ్చావు, ఇది కూడా రాదా?" అని ఒక్కసారి అంటే మళ్లీ మిమ్మల్ని పక్కన కూర్చోనివ్వరు.

నాలుగోది, సమయం. పొయ్యి కాలుతున్న 80 సెకన్లు మాట్లాడుకోవడానికి చక్కని విరామం. ఇరవై నిమిషాలు కాగానే ఆట మూసి, మిగతాది నోట్‌బుక్‌లో. ఒంటరిగా గంటలు ఆడితే ఈ పాఠం రాదు. పాఠం మీ ప్రశ్నల్లో, వాళ్ల జవాబుల్లో ఉంది.

ఐదోది, జాగ్రత్త. అమెరికాలో ఈ ఆటకు పదేళ్లు దాటిన పిల్లలకని, యూరప్‌లో ఏడేళ్లు దాటిన పిల్లలకని రేటింగ్ ఉంది. చిన్న పిల్లలైతే పీస్‌ఫుల్ అనే సెట్టింగ్ పెట్టండి, రాక్షసులు రావు. ఆ సెట్టింగ్‌లో ఆకలి వేయదు కాబట్టి వంట అవసరం మాత్రం ఉండదు. తెలియనివాళ్లతో ఆన్‌లైన్‌లో ఆడకుండా ఒక్కరే ఆడే ప్రపంచం ఎంచుకోండి. ఆట లోపల డబ్బుతో కొనే వస్తువులుంటాయి. ఫోన్‌లో పేమెంట్‌కు పాస్‌వర్డ్ పెట్టుకోండి. నిజమైన నిప్పు దగ్గర ఏ ప్రయోగమైనా పెద్దవాళ్లు పక్కనుంటేనే.

ఇంట్లో చేయండి

1. 20 బంగాళాదుంపలు కాల్చాలి. ఎన్ని బొగ్గులు వేయాలి? చివరి బొగ్గు మీద ఇంకా ఎన్ని కాల్చొచ్చు?

2. ఒక బకెట్ లావాతో 25 ఇటుకలు కాల్చాం. ఎంత సమయం పట్టింది? ఇంకా ఎన్ని ఇటుకల మంట మిగిలింది?

3. స్మోకర్‌లో 24 దుంపలు కాల్చడానికి ఎంత సమయం, ఎన్ని బొగ్గులు?

4. 9 బొగ్గులు విడిగా వాడితే 72 వస్తువులు, దిమ్మెగా చేస్తే 80. మరి కాల్చాల్సినవి 40 మాత్రమే ఉంటే ఏది మేలు? ఎందుకు?

5. మీ ఇంట్లో గత మూడు గ్యాస్ సిలిండర్లు ఎన్నేసి రోజులు వచ్చాయి? తేడా ఉంటే కారణం అమ్మనో నాన్ననో అడిగి రాయండి.

జవాబులు: 1) 3 బొగ్గులు, ఇంకా 4 కాల్చొచ్చు. 2) 250 సెకన్లు, అంటే 4 నిమిషాల 10 సెకన్లు. 75 ఇటుకల మంట మిగిలింది. 3) 120 సెకన్లు, 3 బొగ్గులు. 4) విడి బొగ్గులే మేలు. 5 బొగ్గులతో పని అయిపోయి 4 మిగులుతాయి. దిమ్మె అంటిస్తే మొత్తం మండిపోతుంది. 5) ఈ జవాబు మీ ఇంట్లోనే ఉంది.

ఐదో ప్రశ్నకు జవాబును పిల్లల చేతే డైరీలో ఐదు వాక్యాల్లో రాయించి పంపండి. తెలుగులో రాసినా, ఇంగ్లీష్‌లో రాసినా సరే. కింద మీరు కూడా ఒక వాక్యం రాయండి: ఈ పాఠంలో మీ పిల్లలకు మీరు చెప్పిన కొత్త విషయం ఏమిటి? వచ్చే నెల మొదటి వారం మ్యాథ్స్ పీరియడ్‌లో వాటిని క్లాసులో చదివిస్తాం. అమ్మమ్మ చెప్పిన సంగతి, బట్టీ దగ్గర నాన్న చూసిన సంగతి, గ్యాస్ ఆదా చేయడానికి అమ్మ వేసిన ఉపాయం బోర్డు మీదికి వస్తే ఆ రోజు క్లాసు బాగా జరుగుతుందని నాకు నమ్మకం.